తెలుగు టైపింగ్ పనికి మీరు ఏ యాప్‌లు, టూల్స్ వాడుతున్నారు?

జిరాక్స్ శీను:
నల్గొండలో మాది చిన్న షాపు. జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, తెలుగు టైపింగ్. అర్జీలే రోజుకి పది పన్నెండు ఉంటాయి. చేతిరాత కాగితమో, మడతలు పడ్డ పాత నోటీసో చేతిలో పెట్టి "ఇది కొట్టి పెట్టన్నా, గంటలో వస్తా" అని వెళ్లిపోతారు. ఇన్నాళ్లూ అను అనే పాత తెలుగు ఫాంటు సాఫ్ట్‌వేర్‌లో కొట్టి ప్రింటు ఇస్తే అయిపోయేది. ఇప్పుడు ప్రింటుతో పాటు "వాట్సాప్‌లో కూడా పెట్టు" అంటున్నారు. అనులో కొట్టింది వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు. ఒకే మ్యాటర్ రెండుసార్లు కొట్టాల్సి వస్తోంది. పైగా పిడిఎఫ్‌లు కలపడం, ఫొటోలు తగ్గించడం. మీ దగ్గర ఏం పనిచేస్తోందో చెప్పండి. నెలనెలా డబ్బు కట్టేవి మాత్రం వద్దు.

పేజ్‌మేకర్ పాతకాపు:
శీనూ, ఆ పిచ్చి గీతల సంగతి ముందు చెప్తా. అను ఫాంటులో నువ్వు కొట్టిన "క" కంప్యూటర్‌కి తెలుగు "క" కాదు. అది ఏదో ఇంగ్లిష్ అక్షరమో, గుర్తో. దానికి తెలుగు వేషం వేశారంతే. ఆ ఫాంటు లేని ఫోనుకి వెళ్లగానే వేషం ఊడిపోతుంది. యూనికోడ్‌లో అలా కాదు, తెలుగుకి విడిగా 128 స్థానాలు కేటాయించారు. ఎవరి ఫోన్లో చూసినా "క" అంటే "క" అనే ఉంటుంది.

పాత ఫైళ్లకి అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మ్యాటర్ అటు పడేస్తే ఇటు తెలుగు వస్తుంది. కానీ కళ్లు మూసుకుని ప్రింటుకి పంపావా, చచ్చావే. మధ్యలో ఇంగ్లిష్ ముక్క ఉంటే దాన్ని కూడా అను అక్షరాలే అనుకుని తెలుగులోకి తిప్పేస్తుంది. మా దగ్గర ఒక గృహప్రవేశం కార్డులో ఇంజినీరు గారి డిగ్రీ "ఠ్చ" లాంటి ఏదో అయిపోయింది. వంద కార్డులు మళ్లీ వేసిచ్చాను, నా ఖర్చుతోనే. అందుకే ఇంగ్లిష్ ముక్కల్ని ముందే తీసి పక్కన పెట్టుకుని, మార్చాక మళ్లీ అతికించు.

లెక్కల టీచర్:
శీను గారూ, అసలు అంత కొట్టాల్సిన పనేముంది? అచ్చులో ఉన్న కాగితమైతే గూగుల్ లెన్స్‌తో ఫొటో తీసి, అక్షరాలు సెలెక్ట్ చేసి కాపీ చేసుకోండి. మా స్కూలుకి వచ్చే సర్క్యులర్లు నేను అలాగే చేస్తాను. చేతిరాత అయితే లెన్స్‌ని నమ్మొద్దు. దానికి వేరే ఉపాయం ఉంది. క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, టూల్స్‌లో వాయిస్ టైపింగ్ నొక్కి, భాష తెలుగు పెట్టి, కాగితం చూస్తూ గట్టిగా చదవండి. కామాలు, ఫుల్‌స్టాప్‌లు మాత్రం నేనే పెట్టుకుంటాను. మాది శ్రీకాకుళం. మా మాట దానికి ఒక్కోసారి ఎక్కదు, అందుకని రేడియోలో వార్తలు చదివినట్టు చదువుతాను. పక్క క్లాసు పిల్లలు కిటికీలోంచి చూసి నవ్వుతుంటారు.

ఇంకొకటి, ఇది నాకు ఒక రోజంతా తినేసింది. పిల్లల పేర్లు తెలుగులో ఎక్సెల్‌లో కొట్టి, ఒక పోర్టల్ కోసం సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా సేవ్ చేశాను. తెరిచి చూస్తే పేర్లన్నీ ప్రశ్నార్థకాలు. నలభై మూడు మంది పిల్లలు, అందరి పేరూ ఒకటే: ????. సేవ్ యాజ్‌లో మామూలు సీఎస్‌వీ కాకుండా, పక్కనే "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అని ఉంటుంది, అది ఎంచుకోవాలి. అసలు ఎక్సెల్ ఫైలు దాచుకోకపోతే మళ్లీ మొదటి నుంచీ కొట్టుకోవాల్సిందే. ప్రశ్నార్థకాల్లోంచి పేర్లు తిరిగి రావు.

రాత్రి డెస్కు:
టీచర్ గారు చెప్పిన లెన్స్ ఒకటి రెండు పేజీలకి బాగుంటుంది. పాత పుస్తకం స్కాన్ లాంటిదైతే ఫైలుని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, రైట్ క్లిక్ చేసి "ఓపెన్ విత్ గూగుల్ డాక్స్" కొట్టండి. పైన బొమ్మ, కింద టైపు చేసినట్టు తెలుగు వస్తుంది. పెద్ద పిడిఎఫ్ ఒకేసారి ఎక్కించకుండా పదేసి పేజీలుగా విడగొడితే నాకు తప్పులు తగ్గాయి. ప, ష, వ దగ్గర, ఒత్తుల దగ్గర మాత్రం కన్నేసి ఉంచాలి.

తప్పు కంటికి కనిపిస్తే దిద్దుకుంటాం. కనిపించని తప్పులతోనే తిప్పలు. ఒకసారి పాత ఫైళ్లలో "నంద్యాల" అని వెతికితే ఒక్కటీ రాలేదు. ఫైలు తెరిస్తే కళ్లముందే ఉంది నంద్యాల! ఎవరో పూర్ణానుస్వారం బదులు తెలుగు అంకె సున్నా కొట్టారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, కంప్యూటర్‌కి మాత్రం వేర్వేరు. "ఆఫీస్‌లో" లాంటి మాటలు ఇంకో రకం. స, ల కలిసిపోకుండా మధ్యలో కనబడని అక్షరం ఒకటి ఉంటుంది. ఒకరు అది పెట్టి, ఇంకొకరు పెట్టకుండా కొడితే వెతుకులాటలో దొరకకపోవచ్చు. మా డెస్కులో వెతికేటప్పుడు పూర్తి మాట కొట్టం, "ఆఫీ" దాకా కొట్టి ఆపేస్తాం.

కొబ్బరి బొండాం:
ఇన్ని యాప్‌లు ఎవరు నేర్చుకుంటారండీ బాబూ. నాకున్నది వాట్సాప్ ఒక్కటే. నాకు నేనే మెసేజ్ పెట్టుకుంటా. సరుకుల లిస్టు, ఇవ్వాల్సిన బాకీ, రేపటి పని, అన్నీ అందులోనే.

మీసేవ మామ:
బొండాం గారూ, అది కూడా మంచి టూలే, నేనూ వాడతాను. శీను అడిగిన పిడిఎఫ్ సంగతికి వస్తా. ఉచిత సైట్లలో కస్టమర్ల ఆధార్, పట్టాదారు పాస్‌బుక్ ఎక్కించకండి. పని అవుతుంది, కాదనను. ఆ ఫైలు ఎవరి సర్వర్‌లో ఎన్నాళ్లు ఉంటుందో మన చేతిలో లేదు. ఒక సైటులో పెద్ద పచ్చ బటన్ మీద "డౌన్‌లోడ్" అని ఉంటే నొక్కాను. అది ప్రకటన. ఏదో దిగింది, సిస్టమ్ ఫార్మాట్ చేయించేదాకా వదల్లేదు. ఇప్పుడు పిడిఎఫ్24 అనే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకున్నా. ఉచితం, నెట్ లేకపోయినా కలుపుతుంది, విడగొడుతుంది, సైజు తగ్గిస్తుంది. ఫైలు మన కంప్యూటర్ దాటి పోదు. ఫొటోని 50 కేబీకి తేవాలంటే స్క్వూష్ అనే సైటు వాడతా. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది గానీ ఫొటో బయటికి వెళ్లదు. జారుడు గీత ఎటు జరిపితే సైజు ఎంతవుతుందో అక్కడే కనిపిస్తుంది.

ఫోన్లో స్కానింగ్‌కి కామ్‌స్కానర్ ఉండేది. 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో అదీ పోయింది. అడోబ్ స్కాన్‌కి మారాను, ఏ లోటూ లేదు. గూగుల్ డ్రైవ్ యాప్‌లో ఉన్న స్కాన్ కూడా చాలు నిజానికి.

ఈ-ఆధార్ పిడిఎఫ్ పాస్‌వర్డ్ తెలియదని రోజుకి నలుగురైనా వస్తారు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు పెద్దబడిలో, వెంటనే పుట్టిన సంవత్సరం. గది అద్దెకో, ఇంకెక్కడో జిరాక్స్ ఇవ్వడానికైతే మాస్క్‌డ్ ఆధార్ తీసివ్వండి. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. అడిగినవాళ్లు తక్కువ, చెప్తే సంతోషించేవాళ్లు ఎక్కువ.

టెక్సస్ తెలుగమ్మాయి:
నేను ఇక్కడ మా కాలనీ బతుకమ్మ కమిటీకి కరపత్రాలు చేస్తుంటాను. అను రాదు, నేర్చుకునే ఓపికా లేదు. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు లోపలే ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లో పలుకుతున్నట్టు కొడితే తెలుగు వస్తుంది. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లిష్, మళ్లీ నొక్కితే తెలుగు. వేరేవాళ్ల కంప్యూటర్ మీద కూర్చుంటే, ఇదే పని చేసే లేఖిని సైటు తెరుస్తాను. గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ పాత విండోస్ ఇన్‌స్టాలర్‌ని మాత్రం గూగుల్ ఎప్పుడో తీసేసింది. అది ఇప్పుడు ఊరూపేరూ లేని సైట్లలో తిరుగుతోంది, ముట్టుకోకండి. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ చాలు.

యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు లేవనేవాళ్లు గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురవరం, గిడుగు చూడండి. అన్నీ ఉచితం.

పేజ్‌మేకర్ పాతకాపు:
చూశానమ్మా. మండలి బాగుంది, మ్యాటర్‌కి నేనూ వాడుతున్నా. పెళ్లికార్డు మీద "శ్రీరస్తు" వేయడానికి మాత్రం నా అనునే కావాలి. అలవాటు అనుకో, చాదస్తం అనుకో.

మీసేవ మామ:
ఒకటి మర్చిపోయా. విండోస్ కీ, ఇంగ్లిష్ వి (V) కలిపి నొక్కండి. మొదటిసారి ఆన్ చేయమంటుంది. ఆ తర్వాత చివరగా కాపీ చేసిన 25 ముక్కలు వరసగా కనిపిస్తాయి. అర్జీ మొదట్లో "గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి", చివర్లో "ఇట్లు తమ విధేయుడు" లాంటివి పిన్ చేసి పెట్టుకుంటే సిస్టమ్ ఆపి ఆన్ చేసినా పోవు. కస్టమర్ల ఆధార్ నంబర్లు కూడా అందులో పోగుపడతాయి, సాయంత్రం షాపు మూసేముందు క్లియర్ చేయాలి. నేను చేస్తాను, చాలామంది చేయరు.

జిరాక్స్ శీను:
వారం రోజులు అన్నీ ప్రయత్నించి ఇప్పుడు రాస్తున్నా. అందరికీ దండాలు.

అచ్చు కాగితాలకి లెన్స్ అదిరిపోయింది. ఒక పేజీ నోటీసు కొట్టడానికి ఇరవై నిమిషాలు పట్టేది, ఇప్పుడు తప్పులు దిద్దుకోవడంతో కలిపి ఎనిమిది. నా ఇప్పటి పద్ధతి ఏంటంటే, అర్జీ యూనికోడ్‌లో ఒక్కసారే చేస్తా. ప్రింటూ అదే, వాట్సాపూ అదే. షాపు నంబర్‌కి వాట్సాప్ బిజినెస్ పెట్టా. అందులో క్విక్ రిప్లై ఉంది, చాట్‌లో స్లాష్ కొట్టగానే ముందే రాసుకున్న జవాబులు వస్తాయి. "మీ అప్లికేషన్ అయిపోయింది, వచ్చి తీసుకెళ్లండి" అని రోజుకి ముప్పైసార్లు కొట్టేవాణ్ని, అది తప్పింది.

వాయిస్ టైపింగ్‌తో కొంచెం ఇబ్బంది అయింది. నిన్న ఒక పెద్దాయన భూమి తగాదా అర్జీ తెచ్చాడు. నేను మైకు ముందు గట్టిగా చదువుతుంటే షాపులో ఉన్న నలుగురూ విని, తలా ఒక సలహా ఇవ్వడం మొదలుపెట్టారు. వాళ్ల మాటలు కూడా అర్జీలో పడ్డాయి. "వాణ్ని కోర్టుకి గుంజు మామా" అనే ముక్క నేను చూసుకోకపోతే కలెక్టర్ దాకా పోయేది.

లెక్కల టీచర్:
శీను గారూ, ఇయర్‌ఫోన్ మైకు పెట్టుకుని చిన్నగా చదవండి. బయటివాళ్ల మాటలు తక్కువ పడతాయి. మరీ సొంత విషయాలున్న కాగితాలు చేత్తోనే కొట్టండి, పెద్దాయన గొడవ ఊరందరికీ ఎందుకు?

జిరాక్స్ శీను:
నిజమే మేడమ్. ఇయర్‌ఫోన్ ఇవాళే కొన్నా.