కొత్త ఫ్లాట్ గోడలకు ఇప్పుడే ఖరీదైన రంగా, రెండు వానలు చూశాకా?

మధురవాడ మూడో అంతస్తు

మా మొదటి సొంతిల్లు. విశాఖ మధురవాడలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. హాల్లో కిటికీ తీస్తే రుషికొండ బీచ్ వైపు గాలి నేరుగా ముఖానికి కొడుతుంది. ఏప్రిల్‌లో ప్లాస్టరింగ్ అయింది. బిల్డరు గోడ నునుపుకి రెండు కోట్లు లప్పం, ఒక కోటు ప్రైమరు వేయించి చేతులు దులుపుకున్నాడు. పైన రంగు మా ఇష్టం, మా ఖర్చు. గృహప్రవేశం శ్రావణంలో పెట్టుకున్నాం.

ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. "మళ్లీ మళ్లీ చేయించుకునే పని కాదు, మంచి వాషబుల్ ఎమల్షన్ వేసేద్దాం, పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అని మా ఆయన. "కొత్త గోడకి చవక రంగు వేసి రెండు వానలు పోనివ్వండి, తర్వాత మీకు నచ్చింది వేసుకుందురు" అని మావయ్యగారు. మాకు నాలుగేళ్ల పాప ఉంది. గోడే దాని పలక. విశాఖలో ఈ పని చేయించుకున్నవాళ్లు చెప్పండి, ఎవరి మాట వినాలి?

పెదవాల్తేరు పాత ఓనరు

మీ మావయ్యగారి మాట వినండమ్మా. నేను ఎవరి మాటా వినక చేతులు కాల్చుకున్నాను.

మా ఇల్లు 2013 చివర్లో పూర్తయింది. షాపువాడి కార్డులో అన్నిటికంటే పైనున్న రకం తెచ్చి వేయించాను. ట్యూబులైటు గోడలో కనపడేది, అంత మెరుపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ వాన పైనుంచి పడలేదు, పక్కనుంచి కొట్టింది. కిటికీ ఫ్రేముల చుట్టూ నీళ్లు లోపలికి దిగాయి. కొన్నాళ్లకి చూస్తే హాల్లో కిటికీ కింద గోడ అప్పడంలా పొంగి ఉంది. వేలితో నొక్కాను. బుడగ పగిలి తెల్లటి పిండి రాలింది. నాలిక మీద వేసుకుని చూశాను కూడా, ఉప్పగానే ఉంది. చేత్తో లాగితే అరిటాకంత పొర ఊడొచ్చింది.

అదే వంటింట్లో డబ్బు చాలక చవక రంగు, డిస్టెంపర్‌తో సరిపెట్టాం. అక్కడా తడిసింది. ఆరాక మరక మిగిలింది తప్ప పెచ్చు లేవలేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పదేళ్లు అద్దెలో ఉన్నాను

పెద్దాయన మీద గౌరవంతోనే అంటున్నా, హుద్‌హుద్ లాంటిది ఏటా రాదండీ. దాన్ని లెక్కలో పెట్టుకుంటే ఈ ఊళ్లో గాజు కిటికీ కూడా పెట్టుకోకూడదు.

"ప్రస్తుతానికి చవకది" అని వేసిన రంగు ప్రస్తుతంతో ఆగదు. గాజువాకలో మా అక్కావాళ్లు ఒక్క ఏడాదికే అని డిస్టెంపర్ వేయించారు. ఐదేళ్లయింది. ఇప్పటికీ గోడకి ఆనుకుంటే చొక్కా భుజం తెల్లబడుతుంది. సామాన్లు చేరాక పెయింటింగ్ ఎంత నరకమో చేయించుకున్నవాళ్లకే తెలుసు. బీరువా జరపాలి, మంచాలు విప్పాలి, దేవుడి గదికి గుడ్డ కట్టాలి, నాలుగు రోజులు కర్రీ పాయింట్ల మీద బతకాలి. డబ్బు సంగతి మరీ దారుణం. మా ఇంటికి రంగు డబ్బాల కంటే కూలీయే ఎక్కువైంది. చవక రంగుతో మిగిల్చింది రెండోసారి కూలీకి పోతుంది.

పైగా నాలుగేళ్ల పాప అంటున్నారు. డిస్టెంపర్ మీద క్రేయాన్ గీత తుడిస్తే గీతతోపాటు రంగూ గుడ్డకి వచ్చేస్తుంది.

రోలర్ మేస్త్రీ

నేను ఇరవై రెండేళ్లుగా ఈ పని మీదే బతుకుతున్నాను. మీరంతా డబ్బా గురించి కొట్టుకుంటున్నారు. ముందు గోడని అడగండి.

రంగు ఊడిందని నన్ను పిలుస్తారు. వెళ్లి బ్లేడుతో గీరితే ఎక్కువసార్లు ఊడింది రంగు కాదు, దాని కింద లప్పం. తెల్ల సిమెంటు లప్పం ఒకటుంది, డబ్బాలో కలిపి వచ్చే రెడీమేడ్ ముద్ద ఒకటుంది. రెండోది నున్నగా వస్తుంది, బేగి అయిపోతుంది, కానీ చెమ్మ తగిలితే మెత్తబడుతుంది. మీ బిల్డరు ఏది వేశాడో కనుక్కోండమ్మా. స్విచ్‌బోర్డు పక్కన మూలలో ప్రైమరు కాస్త గీకి తడిగుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకి పెరుగులా అంటుకుంటే ఆ గోడ మీద ఏ రంగు వేసినా దండగే.

ఇంకోటి. పాలిథిన్ కవరు అడుగున్నర చదరంగా కోసి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపుతో గోడకి అతికించండి. ఇవాళ సాయంత్రం అతికిస్తే రేపు సాయంత్రం తీయండి. లోపలి వైపు నీటిచుక్కలు పడితే గోడ ఇంకా చెమరుస్తోందన్నమాట. బాత్రూము వెనక గోడ, బయటివైపు గోడ, కిటికీ కింద తప్పకుండా చూడండి.

శ్రావణం ముహూర్తం అంటే మాకు పనీ ఉంటుంది, టెన్షనూ ఉంటుంది. డబ్బా మీద కోటుకీ కోటుకీ నాలుగైదు గంటలు చాలని రాసుంటుంది. వానాకాలం ఉక్కలో నేనైతే రాత్రంతా వదిలేస్తాను. ఇంటివాళ్లేమో పురోహితుడొస్తున్నాడు, కానీ కానీ అంటారు. నా అనుభవంలో ఈ ఊళ్లో రంగులకి మంచి రోజులు సంక్రాంతి తర్వాతే. గాలిలో తేమ కాస్త తగ్గుతుంది.

పెదవాల్తేరు పాత ఓనరు

మేస్త్రీ గారూ, రంగు కంపెనీ మేస్త్రీల కోసం డబ్బాలో పెట్టే డబ్బు టోకెన్ సంగతి కూడా చెప్పండి మరి.

రోలర్ మేస్త్రీ

వస్తుంది బాబూ, దాచేదేముంది. పెద్ద రకానికి పెద్ద టోకెనే. కానీ ఊడినప్పుడు తిట్లు తినేది కూడా నేనే కదా. అందుకే ముందు కవరు అతికించమన్నాను. కవరుకి టోకెన్ రాదు.

సైట్ ఇంజనీరు, నీలం హెల్మెట్

ముందుగా ఒక మనవి. గోడ మీద పూసిన తెల్ల పిండిని నాలిక మీద వేసుకోకండి. అది మనం కూరలో వేసుకునే ఉప్పే కానక్కర్లేదు. సిమెంటు, ఇటుక, ఇసుకల్లో కరిగే లవణాలు రకరకాలుంటాయి. గోడలో నీరు వాటిని కరిగించుకుని పైకి వస్తుంది, నీరు ఆవిరైపోతుంది, లవణం అక్కడే గడ్డకడుతుంది. పైన గట్టి పొర ఉంటే ఆ ఒత్తిడికి పొర లేస్తుంది. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు గాలిలో తేమని కూడా పీలుస్తుంది, అందుకే బీచ్‌రోడ్డు వైపు పాత గోడలు వాన లేని రోజు కూడా తడిగా కనిపిస్తాయి.

"సిమెంటుకి 28 రోజులు అయిపోయాయి, ఆరిపోయింది" అని సైట్లలో రోజూ వింటాను. 28 రోజులు బలం కొలవడానికి పెట్టుకున్న లెక్క. అప్పటికి గోడ లోపల ఆరినట్టు కాదు. ఏప్రిల్‌లో ప్లాస్టరింగ్ అయి, వెంటనే వానలు పడితే ఎంత ఆరిందో కవరు పరీక్షే చెప్పాలి.

పెద్దాయన వంటింటి డిస్టెంపర్ విషయంలో చెప్పింది నిజమే. దాని పొరలోంచి ఆవిరి తేలిగ్గా బయటికి పోతుంది, ఖరీదైన అక్రిలిక్ ఎమల్షన్ పొర అంతగా పోనివ్వదు. కానీ అసలు తప్పు మీ కిటికీ ఫ్రేము చుట్టూ ఉన్న సందుది. ఆ సందు అలాగే ఉంచి రెండు కాదు, ఇరవై వానలు చూసినా లాభం లేదు. అద్దెలో ఉన్న మిత్రుడికి కూడా ఒక మాట. వాషబుల్ అంటే ముందు నుంచి తుడుచుకోవచ్చని. వెనక నుంచి వచ్చే నీటితో దానికి సంబంధం లేదు. అపార్ట్‌మెంటులో బయటి గోడ మీ ఒక్కరి చేతిలో ఉండదు, కాబట్టి పగుళ్లుంటే స్వాధీనం తీసుకునే ముందే బిల్డరు చేత పూడ్పించుకోండి.

లేత గోధుమ

మీరు అడగలేదు గానీ మెరుపు రకం మాత్రం వద్దు. పక్కనుంచి వెలుతురు పడితే లప్పం పట్టీ గీతలన్నీ బయటపడతాయి. వాషబుల్‌లోనే మ్యాట్ రకాలున్నాయి, గోడ ఎత్తుపల్లాలు కాస్త దాస్తాయి. షేడ్ కార్డు మీద వేలెడు ముక్క చూసి నిర్ణయించుకోకండి. నేను అలాగే లేత నీలం అనుకుని వేయిస్తే హాలు స్విమ్మింగ్ పూల్ అయింది. చిన్న డబ్బా తెచ్చి రెండడుగుల ముక్క వేసి, పొద్దున్నా చూడండి, రాత్రి మీ ఇంట్లో వాడే బల్బు కిందా చూడండి. షేడ్ నంబరు బీరువా తలుపు లోపల రాసిపెట్టుకోండి, టచప్‌కి కావాలి.

పాప గోడని నాలికతో నాకే రకమైతే ఏం కొన్నా బిల్లున్నదే తీసుకోండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న కేంద్రం నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. పేరూ ఊరూ లేని డబ్బాలో ఏముందో ఎవరు చూశారు?

పెదవాల్తేరు పాత ఓనరు

ఫ్రేము సందు సంగతి ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను. సందు ఉందని నాకు తెలిసింది మొదటి పెద్ద వానకే కదా? వాన రాకుండా ఏ ఇంజనీరు చూపించాడు? అందుకే చవక రంగుతో ఆగమంటున్నాను.

మధురవాడ మూడో అంతస్తు

అందరికీ థాంక్స్. కవర్లు ఐదు చోట్ల అతికించాం. అతికించింది మావయ్యగారే. తెల్లారి ఐదింటికే టార్చిలైటు పట్టుకుని ఫ్లాటుకి వెళ్లారు, సాయంత్రం దాకా ఆగమని అరిచినా వినలేదు.

సాయంత్రం తీసి చూస్తే హాల్లో రెండు గోడలు, వంటిల్లు పొడిగా ఉన్నాయి. హాలు కిటికీ కింద కవరుకి పల్చగా ఆవిరి పట్టింది. మా బెడ్‌రూములో బాత్రూము వెనక గోడ దగ్గర మాత్రం చుక్కలు కట్టి టేపు అంచు దగ్గర నీరు నిలిచింది. బిల్డరుకి ఫోటో పంపితే "కొత్త గోడ కదా మేడం, అలాగే ఉంటుంది" అన్నాడు. మా ఆయన ఊరుకోలేదు. ప్లంబర్ని తీసుకెళ్లి కొళాయి పైపులు చూపిస్తే ఒక జాయింటు దగ్గర సన్నగా కారుతోంది. టైల్ పగలగొట్టి అది సరిచేస్తున్నారు. లప్పం తెల్ల సిమెంటుదేనట, తడిగుడ్డకి అంటలేదు.

పొడి గోడలకి వాషబుల్ మ్యాట్ ఇప్పుడే వేయిస్తున్నాం. కిటికీ కింద, ఆ బాత్రూము గోడ ప్రైమరుతోనే వదిలేస్తున్నాం, మాఘంలో మళ్లీ కవరు పెట్టి చూసి వేయిస్తాం. మా ఆయన తానే గెలిచానంటున్నారు, మావయ్యగారూ అదే అంటున్నారు. బాత్రూము గోడ మాత్రం మాఘం దాకా పాపకి రాసిచ్చేశాం. అప్పుడే ఒక ఏనుగు వేసింది.

పదేళ్లు అద్దెలో ఉన్నాను

శుభం. ఏ సంవత్సరం మాఘమో కూడా ఆ గోడ మీదే రాసుకోండి.