గొడవను ‘డిఫ్యూజ్’ చేశాడు అని రాస్తే ఏ స్పెల్లింగ్?

ప్రశ్న: నిన్న మా అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్ పైపు దగ్గర రెండు ఫ్లాట్ల వాళ్లు చొక్కాలు పట్టుకునేదాకా వెళ్లారు. వాచ్‌మన్ మధ్యలోకెళ్లి, చేతుల్లో బిందెలు కింద పెట్టించి, ఇద్దరినీ చెరో మెట్టు మీద కూర్చోబెట్టాడు. అతన్ని మెచ్చుకుంటూ గ్రూపులో ఇంగ్లీషులో రాశాను. డిఫ్యూజ్‌లో డి పక్కన ఐ, రెండు ఎఫ్‌లు పెట్టాను. తప్పన్నారు. రెండూ మనం ఒకేలా పలుకుతాం కదండీ, తేడా ఏమిటి?

జవాబు: తప్పేనండీ. మీరు రాసినదానికి వ్యాపించడం అని అర్థం. గ్లాసు నీళ్లలో ఇంకు చుక్క వేస్తే మెల్లగా అంతటా పాకుతుంది చూడండి, అది. గొడవ అలా పాకితే ఇంకేముంది! మీకు కావాల్సింది డి పక్కన ఇ, ఒక్క ఎఫ్. బాంబుకు ఫ్యూజు తీసేయడం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బాంబుల పనిలో వాడుకకొచ్చి, తర్వాత గొడవలకూ అంటుకుంది.

జవాబు: నేను స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను, ఏటా పిల్లలు ఇక్కడే తడబడతారు. ఇంట్లో కొట్టేసే కరెంటు ఫ్యూజు వేరు, దాని లాటిన్ మూలానికి కరగడం అని అర్థం. బాంబు ఫ్యూజు లాటిన్ మూలానికి ‘కదురు’, అంటే నూలు వడికే పుల్ల, అని అర్థం. దీపావళి బాంబుకు ఒత్తి లాగేయడం అని చెప్తే పిల్లలు ఇట్టే పట్టుకుంటారు.

జవాబు: పేపర్లలో బాంబును ‘నిర్వీర్యం చేశారు’ అంటారు. గొడవకు అది అతకదు. ‘సద్దుమణిగేలా చేశాడు’ అనండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, దిద్దాను. వాచ్‌మన్‌కు మాత్రం తెలుగులోనే చదివి వినిపిస్తాను.