హైలురోనిక్ సీరం రాస్తే చర్మం ఇంకా బిగుసుకుపోతోంది, ఏం మార్చాలి?

సీరం రాసిన గంటకే బుగ్గల మీద, నోటి చుట్టూ చర్మం లాగుతున్నట్టు ఉంటోంది. నుదురు, ముక్కు మాత్రం మధ్యాహ్నానికల్లా జిడ్డు. మంట లేదు, ఎర్రబడటం లేదు. కానీ కాస్త నవ్వితే చాలు సన్నని గీతలు పడుతున్నాయి, దగ్గరగా చూస్తే పొట్టు లేస్తోంది. పగలంతా ఏసీ గదిలోనే ఉంటాను, అక్కడ గాలిలో తేమ 35 శాతం దాటదు.

నురగ రాని క్లెన్సర్, 2 శాతం హైలురోనిక్ యాసిడ్ సీరం, దానిపైన జెల్ మాయిశ్చరైజర్, పగలైతే సన్‌స్క్రీన్. ఇంతే వాడతాను. చర్మాన్ని పొడిబార్చే రెటినాల్, ఏహెచ్ఏ (పై పొరను ఒలిచే ఆమ్లాలు) లాంటివి ఏవీ లేవు.

సీరం తడి ముఖం మీద రాసి చూశాను, మొదటి అరగంట హాయిగా ఉండి మళ్లీ మామూలే. జెల్ రెండు పూతలు వేస్తే ముక్కు పక్కన చిన్న గుల్లలు లేచాయి. సీరం పూర్తిగా మానేస్తే బిగుతు తగ్గింది గానీ పొట్టు పోలేదు. వేడినీళ్లు మానేశాను, నీళ్లు ఎక్కువగా తాగాను (అందరూ ముందు చెప్పేది ఇదే కదా), పెద్ద తేడా ఏమీ లేదు.

నా అనుమానం జెల్ మీదే. హైలురోనిక్ యాసిడ్, గ్లిజరిన్ నీటిని పట్టుకుంటాయి, కానీ పైన ఆపే పొర లేకపోతే పొడిగాలికి ఆ తేమ ఆవిరైపోతుంది. నా జెల్‌లో తేమను ఆపే సెరమైడ్లు (చర్మంలో సహజంగా ఉండే కొవ్వులు) లేవు, పెట్రోలేటం (వాజిలీన్‌లో ఉండేది) లేదు, డైమెథికోన్ (ఒక రకం సిలికోన్) పదార్థాల జాబితాలో చిట్టచివర, అంటే చాలా తక్కువగా ఉంది.

ఇలాంటి మిశ్రమ చర్మం ఉన్నవాళ్లు చెప్పండి: సీరం అలాగే ఉంచి, జెల్ బదులు సెరమైడ్ క్రీమ్‌కి మారితే నుదుటి మీద మొటిమలు రాకుండా ఈ బిగుతు తగ్గిందా?