జాన్ రాజు కాలంలో బారన్లు 20,000 మార్కులు నిజంగానే కట్టేవారా?

కోటగోడ:
మధ్యయుగ ఇంగ్లండ్ గురించి చదువుతూ రెండు చోట్ల ఆగిపోయాను. బారన్ (రాజు కింది పెద్ద భూస్వామి) చనిపోతే, తండ్రి భూమి తీసుకోవడానికి కొడుకు రాజుకు డబ్బెందుకు కట్టాలి? ఇంకోటి. 1214లో జెఫ్రీ డి మాండెవిల్ అనే బారన్ ఒక పెళ్లి కోసం 20,000 మార్కులు ఒప్పుకున్నాడట. 1215లో బారన్లు జాన్ చేత ఒప్పించిన హక్కుల పత్రం మాగ్నా కార్టాలో చూస్తే, పూర్తి బారనీకి (బారన్ భూమి మొత్తానికి) రిలీఫ్, అంటే వారసుడు రాజుకు కట్టే సొమ్ము, 100 పౌండ్లే అని ఉంది. ఈ రెండు అంకెలకూ పొంతన కుదరట్లేదు. మార్కు అంటే ఏదైనా చిల్లర నాణెమా? అంత డబ్బు ఎలా కట్టేవారు, లెక్క ఎవరు చూసేవారు?

పాతదస్త్రం:
మొదటి ప్రశ్నలో "తండ్రి భూమి" అనే మాట దగ్గరే చిక్కుంది. 1066 తర్వాత ఇంగ్లండ్‌లో భూమి మొత్తానికీ పై హక్కుదారు రాజే. బారన్ దాన్ని రాజు నుంచి "పట్టుకుని" ఉంటాడు. బదులుగా ఇంతమంది నైట్లను (గుర్రపు యోధులను) పంపాలని షరతు. రాజు నుంచి నేరుగా పట్టుకున్నవాణ్ని టెనెంట్-ఇన్-చీఫ్ అంటారు. అతను చనిపోగానే ఆ ఒప్పందం తెగిపోయినట్టే. కొడుకు దాన్ని మళ్లీ కట్టుకోవాలి.

కట్టుకునే వరస ఇది. ముందు రాజు మనుషులు భూమిని స్వాధీనం చేసుకుంటారు. మూడో హెన్రీ కాలం నుంచి ఎస్కీటర్ అనే అధికారి ఊళ్లో జ్యూరీని కూర్చోబెట్టి, చనిపోయినవాడు ఏయే భూములు ఎవరి దగ్గర పట్టుకున్నాడు, ఏడాదికి ఎంత వస్తుంది, వారసుడెవరు, వయసెంత అని ప్రమాణం మీద చెప్పించి రాయించేవాడు. ఆ తర్వాత వారసుడు తలమీద ఏమీ లేకుండా, నడుముకు కత్తి లేకుండా మోకరిల్లి, జోడించిన చేతులు రాజు చేతుల్లో పెట్టి "నీ మనిషినవుతున్నాను" అంటాడు. దీన్నే హోమేజ్ అంటారు. రిలీఫ్ కట్టాడో, కడతానని పూచీ ఇచ్చాడో, అప్పుడు భూమి చేతికొస్తుంది.

ఇదంతా వారసుడికి 21 నిండితేనే. నిండకపోతే వార్డ్‌షిప్. అప్పటిదాకా భూమి ఆదాయం రాజుది, పిల్లవాడి పెళ్లి కుదిర్చే హక్కూ రాజుదే. ఆ రెండూ వేరేవాళ్లకు అమ్ముకోవచ్చు, అమ్మేవాడు కూడా. కొన్నవాడు పెట్టిన సొమ్ము తొందరగా రాబట్టుకోవాలని అడవి నరికేస్తాడు, చెరువుల్లో చేపలు తోడేస్తాడు, రైతుల్ని పిండేస్తాడు. 21 ఏళ్లకు కుర్రాడి చేతికి పిప్పి మిగులుతుంది. మాగ్నా కార్టా 4, 5 క్లాజులు అచ్చంగా దీని గురించే. సంరక్షకుడు భూమిని పాడుచేయకూడదు, ఇళ్లు, చెరువులు, మిల్లులు బాగుచేయిస్తూ ఉండాలి అని రాసుకున్నారు.

లెక్కలగది:
డబ్బు సంగతి నేను చెప్తాను. మార్కు నాణెం కాదు, లెక్కకు వాడే పేరు మాత్రమే. పౌండూ అంతే, షిల్లింగూ అంతే. అప్పట్లో ముద్రించే నాణెం ఒక్కటే, వెండి పెన్నీ. 12 పెన్నీలు షిల్లింగు, 240 పెన్నీలు పౌండు, 160 పెన్నీలు మార్కు. అంటే మార్కు పౌండులో మూడింట రెండొంతులు. 20,000 మార్కులంటే 13,333 పౌండ్ల 6 షిల్లింగుల 8 పెన్నీలు. నాణేల్లో చూస్తే 32 లక్షలు. ఆ కాలపు బారన్ సగటు ఆదాయం ఏడాదికి సుమారు 200 పౌండ్లని చరిత్రకారుల అంచనా. మిగతా లెక్క మీరే వేసుకోండి.

లెక్క చూసేది ఎక్స్‌చెకర్, అంటే రాజు ఖజానా లెక్కల కార్యాలయం. పది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పున్న బల్ల, నాణేలు దొర్లిపడకుండా చుట్టూ నాలుగు వేళ్ల ఎత్తు అంచు, మీద గళ్ల గుడ్డ. కుడి నుంచి మొదటి వరస పెన్నీలది, రెండోది షిల్లింగులది, తర్వాత పౌండ్లు, ఇరవైలు, వందలు, వేలు, పదివేలు. రోమన్ అంకెలతో కూడికలు, తీసివేతలు నరకం కదా! అందుకే గళ్లలో బిళ్లలు పెట్టి జరిపేవారు. ఎదురుగా కూర్చున్న షెరిఫ్‌కు (జిల్లాలో రాజు తరఫున వసూళ్లు చూసే అధికారికి) చదువు రాకపోయినా తన బాకీ కళ్లముందే కనిపిస్తుంది. షెరిఫ్ ఈస్టర్‌కు సుమారు సగం కట్టి, సెప్టెంబరు చివర మైకెల్మస్‌కు మొత్తం లెక్క ఒప్పజెప్పాలి.

రసీదు మాత్రం కర్ర. హేజెల్ పుల్ల తీసుకుని గాట్లు పెడతారు. వెయ్యి పౌండ్లకు అరచేతి మందం, వందకు బొటనవేలి వెడల్పు, ఇరవైకి చిటికెనవేలి వెడల్పు, ఒక పౌండుకు బలిసిన బార్లీ గింజంత. షిల్లింగుకు ఇంకా సన్నం. పెన్నీకైతే చెక్క రాలకుండా ఒట్టి గీత. తర్వాత ఆ పుల్లను నిలువునా చీల్చి, పెద్ద ముక్క కట్టినవాడికిచ్చి, చిన్నది ఖజానాలో ఉంచుకుంటారు. మోసం చేయాలని ఒకడు తన ముక్కకు గాటు పెంచినా, రెండూ కలిపి చూస్తే దొరికిపోతాడు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. కొన్ని బాకీల్లో పెన్నీలు లెక్కపెట్టి ఇస్తే చాలదు. షెరిఫ్ తెచ్చిన కుప్పలోంచి 240 పెన్నీలు కరిగించి చూస్తారు. వెండి తరుగు పౌండుకు ఎన్ని పెన్నీలైతే, కట్టే ప్రతి పౌండుకూ అన్ని పెన్నీలు అదనంగా వేయాలి. అరిగినవి, అంచు కత్తిరించినవి తెస్తే నష్టం తెచ్చినవాడిదే.

కోటగోడ:
నాణేల లెక్క తెలిశాక అనుమానం ఇంకా పెరిగింది. 32 లక్షల పెన్నీలు ఎవడూ కట్టలేడని రాజుకూ తెలుసు కదా. మరి ఎందుకు అడిగినట్టు?

రాతిమెట్లు:
కట్టలేడు కాబట్టే అడిగాడు. ఇక్కడ "ఫైన్" అంటే జరిమానా కాదు. రాజు అనుగ్రహం కోసం బేరమాడి ఒప్పుకున్న సొమ్ము. 1215 దాకా పెద్ద బారనీ రిలీఫ్‌కు కచ్చితమైన రేటు లేదు. 100 పౌండ్లు సబబనే అభిప్రాయం జనంలో ఉండేది గానీ, రాజు చేతిని పట్టుకుని ఆపే రాత ఎక్కడా లేదు. నికొలస్ డి స్టూట్‌విల్ చేత 1205లో జాన్ 10,000 మార్కులు ఒప్పించాడు. 100 పౌండ్లకు అది 66 రెట్లు పైమాటే. పూచీగా నేర్స్‌బరో, బరోబ్రిడ్జ్‌లను రాజే ఉంచుకున్నాడు. వారసత్వంలో ఉన్న మంచి ఆస్తులే బాకీ కింద పోయాయన్నమాట.

పైప్ రోల్‌లో, అంటే ఎక్స్‌చెకర్ ఏటా రాసే లెక్కల చుట్టలో, బాకీ ఒకసారి ఎక్కితే ఏటా చదువుతారు. మీరు రాజుతో బాగుంటే వాయిదాలు సాగుతాయి, కొంత మాఫీ కూడా అవుతుంది. చెడితే మొత్తం ఒకేసారి కట్టమంటారు. కట్టలేకపోతే "ఎక్స్‌చెకర్ ఆచారం ప్రకారం" సామాను, ఆ తర్వాత భూములు జప్తు. విలియం డి బ్రోజ్ అనే బారన్ 1201లో ఐర్లండ్‌లోని లిమెరిక్ కోసం 5,000 మార్కులు ఒప్పుకున్నాడు. ఏళ్లు గడిచినా కట్టింది కొద్దిగానే. జాన్‌తో సఖ్యంగా ఉన్నన్నాళ్లూ ఆ బాకీ ఊసే లేదు. చెడ్డాక అదే అతని మెడకు చుట్టుకుంది. భూములు పోయాయి, భార్య మెటిల్డా, పెద్దకొడుకు 1210లో రాజు చెరలో ఆకలితో చనిపోయారు, అతను మరుసటేడు ఫ్రాన్స్‌లో ప్రవాసంలో పోయాడు.

మాండెవిల్ పెళ్లి సంగతికొస్తే, పెళ్లికూతురు గ్లౌసెస్టర్ ఇసబెల్లా, స్వయంగా జాన్ వదిలేసిన మాజీ భార్య. ఆ 20,000 మార్కులు ఏడాది తిరక్కుండా నాలుగు వాయిదాల్లో కట్టమన్నాడు. కుదిరే పనేనా? మరుసటేడు రాజు మీద నిఘా పెట్టిన 25 మంది బారన్లలో మాండెవిల్ పేరు కనబడటంలో ఆశ్చర్యం ఏముంది.

అందుకే నా మటుకు మాగ్నా కార్టాలో అన్నిటికంటే పదునైనది అందరూ వల్లించే 39వ క్లాజు (చట్టబద్ధమైన తీర్పు లేకుండా ఎవరినీ బంధించకూడదన్నది) కాదు, ఈ రెండో క్లాజు. బారనీకి 100 పౌండ్లు, నైట్ ఫీకి (ఒక నైట్ సేవకు బదులుగా ఇచ్చిన భూమికి) గరిష్ఠంగా 100 షిల్లింగులు. అంకె రాసేశాక బేరం లేదు, బేరం లేకపోతే రిలీఫ్ పేరుతో మెడకు తాడు వేయడమూ లేదు.

పాతదస్త్రం:
పై మాటకు చిన్న సవరణ. తాడు ఒక్కటే కాదు. వారసుడు మైనరైతే రిలీఫ్ లేకపోయినా వార్డ్‌షిప్ ఉంది. అందులో పెద్ద ఉచ్చు ఏంటంటే, రాజు దగ్గర నైట్ సేవ మీద ఒక్క చిన్న చెక్క పట్టుకున్నా చాలు, అతను వేరే ప్రభువుల దగ్గర పట్టుకున్న భూములు కూడా రాజు వార్డ్‌షిప్ కిందకే వస్తాయి. ఆ ప్రభువులు నోళ్లు వెళ్లబెట్టి చూడాల్సిందే. జాన్ అధికారులు దీన్ని ఇంకా లాగారు. ఏడాదికి ఇన్ని కత్తులో, బాణాలో ఇచ్చే చిల్లర షరతు మీద భూమి ఉన్నా ఇదే వర్తిస్తుందన్నారు. 37వ క్లాజు దాన్నే కొట్టేసింది. ఆ క్లాజులో కత్తులు, బాణాల మాట అలాగే ఉంటుంది.

స్క్యూటేజ్ కూడా కలపాలి, సైన్యానికి రాకుండా కట్టే సొమ్ము. 1159లో తూలూజ్ దండయాత్రకు నైట్ ఫీకి 2 మార్కులు, 1214లో 3 మార్కులు. లెక్క ఎలాగంటే, 60 మంది నైట్ల సేవ బాకీ ఉన్న బారన్ 1214 రేటున 180 మార్కులు ఇవ్వాలి. కానీ అతను 75 మంది నైట్లకు భూములిచ్చి ఉంటే కింద వసూలు చేసేది 225. మిగిలిన 45 జేబులోకి. జాన్ తండ్రి రెండో హెన్రీ ఇది పసిగట్టే 1166లో ప్రతి బారన్ చేతా ఎంతమంది నైట్లకు భూమిచ్చారో రాయించి పంపమన్నాడు. చాలామంది అది మామూలు విచారణే అనుకుని నిజం రాశారు. తర్వాత బిల్లు ఆ పెద్ద అంకె మీద వచ్చింది. 15 మందికి అదనంగా కట్టడానికి బారన్లు దశాబ్దాలపాటు మొరాయించారు. పైప్ రోల్స్‌లో ఆ బాకీలు ఏటా అలాగే వేలాడుతూ కనిపిస్తాయి.

కోటగోడ:
ఇప్పుడు అర్థమైంది. చివరగా ఒకటి. 1215 తర్వాత పాత బాకీలన్నీ కొట్టేశారా?

రాతిమెట్లు:
అన్యాయంగా తీసుకున్న ఫైన్లు వదిలేయాలి, లేదా 25 మంది బారన్లు తేల్చాలి అని 55వ క్లాజులో రాసుకున్నారు. కానీ పోప్ మూడో ఇన్నోసెంట్ ఆగస్టు 24నే చార్టర్ చెల్లదన్నాడు. జాన్ చనిపోయాక 1216లో మళ్లీ విడుదల చేసినప్పుడు ఆ క్లాజు లేదు, అందరి సమ్మతి లేకుండా స్క్యూటేజ్ వేయకూడదన్న 12వ క్లాజూ లేదు. రిలీఫ్ 100 పౌండ్లు మాత్రం నిలిచింది. బారన్ విషయంలో అది 1297 నాటి ప్రతిలో 100 మార్కులకు దిగింది. ఎర్ల్‌కు (బారన్ కంటే పై హోదా) 100 పౌండ్లే ఉంచారు.