అమ్మవారు పోసినప్పుడు వేపాకు: భక్తా, వైద్యమా?

ప్రశ్న (ప్రొద్దుటూరు): మా అవ్వ చిన్నతనంలో ఎవరికైనా అమ్మవారు పోస్తే (అంటే మశూచి వస్తే), గుమ్మానికి వేపమండలు కట్టి, రోగిని వేపాకుల మీద పడుకోబెట్టి, బయటివారిని ఇంట్లోకి రానిచ్చేవారు కాదట. ఇందులో వైద్యం ఏమైనా ఉన్నదా?

జవాబు (కర్నూలు): వేపాకు మశూచిని నయం చేసిందనడానికి ఆధారం లేదు. బయటివారిని రానివ్వకపోవడం మాత్రం, కారణం ఏమని చెప్పుకున్నా, అంటును నిజంగానే అడ్డుకునేది.

జవాబు (అనంతపురం): 1796లో ఇంగ్లండు వైద్యుడు జెన్నర్ ఆవుమశూచితో టీకా వేయడానికి ముందే, బెంగాలులో టీకాదారులు మశూచి పొక్కులలోని పదార్థాన్ని ఆరోగ్యవంతుల చర్మంపై గీరి ఎక్కించేవారు. సాధారణంగా వ్యాధి తేలికగా వచ్చి పోయేది. అయితే కొందరు మరణించేవారు, పైగా అలా ఎక్కించుకున్నవారి నుంచి ఇతరులకూ మశూచి సోకేది. జెన్నర్ పద్ధతిలో ఈ రెండో ప్రమాదం లేదు.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. అవ్వ చేతిమీది గుండ్రటి మచ్చ జెన్నర్ తరహా టీకాదే అయి ఉండాలి. ఆమె మాత్రం దానిని ఇప్పటికీ అమ్మవారి ముద్ర అనే అంటుంది.