అప్‌డేట్: చివరికి బ్యాటరీ బండే తీసుకున్నాం

హన్మకొండ బయట మా ఫంక్షన్ హాల్లో గేటు నుంచి మండపం దాకా పెద్దవాళ్లను తీసుకురావడానికి గోల్ఫ్ కార్ట్ (పక్కలు తెరిచి ఉండే చిన్న బండి) పెట్రోల్‌ది కొనాలా, బ్యాటరీదా అని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ దండాలు.

రెండూ నడిపి చూశాం. పెట్రోల్ బండికి బలముంది, రోజంతా తిరగాలంటే అదే నయం. కానీ జీలకర్ర బెల్లం వేళ మండపం పక్కన ఆ చప్పుడు, పొగ నాకైతే నచ్చలేదు. ఆరు సీట్ల 48 వోల్టుల బండి తీసుకున్నాం. 8 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఆరు.

అసలు పని వాటికి నీళ్లు పోయడమే. మొదటి వారం మా పిల్లగాడు ఛార్జింగ్ పెట్టకముందే మూతల దాకా నింపాడు. తెల్లారేసరికి యాసిడ్ పొంగి ట్రే అంతా తడి, టెర్మినళ్ల మీద తెల్లటి పొడి. తినే సోడా కలిపిన నీళ్లతో కడిగాం. ఇప్పుడు ఛార్జింగ్ అయ్యాకే డిస్టిల్డ్ వాటర్ పోస్తున్నాం. మన ఎండలకు నీళ్లు తొందరగా ఇంకుతాయి, అందుకే వారానికోసారి నేనే మూతలు తీసి చూస్తున్నా. సగం ఛార్జింగ్ కంటే కిందికి దిగనివ్వడం లేదు.

లిథియం బ్యాటరీలైతే ఈ నీళ్ల పని ఉండదు, ధరే అందలేదు. మొన్నటి లగ్గంలో మోకాళ్ల నొప్పులున్న ఒక అవ్వ మండపం మెట్ల దాకా కూర్చునే వచ్చింది.