రాత్రి మిగిలిన అన్నం: సద్దికా, ఫ్రిజ్జుకా, ఆవుకా?

చీపురుపల్లి కోడలు:
మా ఇంట్లో రాత్రిపూట రెండు గరిటెల అన్నం మిగలని రోజు లేదు. నీళ్ళు పోసి ఉంచు, పొద్దున్న సద్దికి పనికొస్తుందంటారు అత్తగారు. మా ఆయనేమో ఫోన్లో ఏదో వీడియో చూసి "అది విషం, పారబోయ్" అంటారు. పారబోస్తే అత్తగారి ముఖం చూడలేను. ఎవరి మాట వినాలి?

నాగావళి గట్టు:
అత్తగారి మాటే వినమ్మా. మేం సద్ది తాగీసే పొలానికెల్నోళ్ళం. ఓ ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఉప్పుగల్లు. ఏటయిపోయింది మాకు? ఫ్రిజ్జులొచ్చినాకే ఈ బయాలన్నీ.

సైన్సు మేస్టారు, ఆమదాలవలస:
గట్టుగారూ, మీరు తాగింది వేరు, ఇప్పుడు చేస్తున్నది వేరు. అప్పట్లో తరవాణి కుండలో ముందురోజు పులుపు ఉండేది. అన్నం అందులో పడగానే పులవడం మొదలయ్యేది. ఇప్పుడు పడుకోబోయే ముందు గుర్తొచ్చి, స్టీలు గిన్నెలో కుళాయి నీళ్ళు పోసి, దాన్నే సద్ది అంటున్నాం. బాసిల్లస్ సీరియస్ అని ఒక సూక్ష్మజీవి ఉంది (పేరుకి తగ్గట్టే సీరియస్). దాని బీజాలు అన్నం ఉడికినా చావవు. వెచ్చగా గంటలకొద్దీ వదిలేస్తే మొలకెత్తి విషం విడుస్తాయి. వాంతులు పట్టించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు, పొద్దున్న పులిహోర కలిపినా పోదు. పులుపు పెరిగితే ఆ జీవి ఎదగలేదు. అందుకని అన్నం చల్లారిన వెంటనే నీళ్ళతోపాటు పుల్లమజ్జిగ కూడా వెయ్యండి. ఫ్రిజ్జులో అయితే వెడల్పు పళ్ళెంలో ఆరబెట్టి, రెండు గంటల్లోపు పెట్టెయ్యాలి.

మందస జీడితోట:
ఫ్రిజ్జంటే గుర్తొచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్జు బట్టల బీరువా అయింది. ఆదుకున్నది మా అమ్మ సోడంబలి (రాగి అంబలి) కుండే. మిగిలిన అన్నమంతా అందులోకే.

సాలూరు సంత:
ఇంత చర్చెందుకు? కుడితిలో పోసీండి. ఆవు తాగుతుంది, పుణ్యం కూడా.

సైన్సు మేస్టారు, ఆమదాలవలస:
గుప్పెడైతే సరే. పెళ్ళింట మిగిలిన గుండిగ అన్నం ఒక్క ఆవుకే పెడితే కడుపులో ఆమ్లం పెరిగి పశువు కూలబడుతుంది.

బొబ్బిలి అప్ప:
అందరూ పెద్ద పెద్ద మాటలు చెప్పారు. ఇంతకీ ఆ సద్ది మీ ఇళ్ళల్లో ఎవరు తింటున్నారు? మా ఇంట్లో నిన్నటి వంకాయ కూర, మొన్నటి చారు అన్నీ నా కంచంలోకే. వాళ్ళకి వేడివేడిగా, నాకు "పారబోయకే, పాపం". ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన లెక్కలో మన దేశపు ఇళ్ళల్లో మనిషికి ఏడాదికి 55 కిలోల తిండి వృథా అవుతోందట. నేను బలవంతాన మింగింది ఆ లెక్కలోకి రాదు కదా! సద్దీ వద్దు, ఫ్రిజ్జూ వద్దు, బియ్యం దగ్గరే ఆపండి. నేనిప్పుడు సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసి, ఎవరు ఇంట్లో తింటారో అడుగుతున్నాను. ఫోన్ ఎత్తని వాడికి బియ్యం పొయ్యను.

నాగావళి గట్టు:
చుట్టమొస్తే?

బొబ్బిలి అప్ప:
ఉప్మా చేస్తాను. చుట్టం పేరు చెప్పి రోజూ గిద్దెడు ఎక్కువ పోసింది చాలు బావూ.

చీపురుపల్లి కోడలు:
ఇదంతా అత్తగారికి చదివి వినిపించాను. బొబ్బిలి అప్ప మాట దగ్గర మాత్రం "మళ్ళీ చదువు" అన్నారు. నిన్న రాత్రి ఆవిడే డబ్బాలోంచి ఓ గుప్పెడు బియ్యం వెనక్కి పోసేశారు. అన్నం చాల్లేదు. మా ఆయన అటుకులు తిన్నారు.